చెరుకాకు మోపు

దేవిదాస్ కొట్టు బోధన్ రోడ్డు మొదట్లో, చాయ్ హోటలు పక్కన ఉంటుంది. కార్లకూ లారీలకూ కరెంటు పని చేస్తాడు. నేను వెళ్ళేసరికి ఒక జీపు కింద పడుకుని ఉన్నాడు. నా చెప్పులు చూసి గుర్తుపట్టి, కిందనుంచే పలకరించాడు.

"సేటు రాలేదా అక్కా?"

"సేటు మోర్తాడ్ పోయిండు, పసుపు రైతుల దగ్గరికి. ఎందుకు, బల్బు మార్చాలంటే మొగోడే రావాల్నా?"

నవ్వుకుంటూ బయటికి వచ్చాడు. మా ఫియట్ ముందు నిలబడేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"ఉన్న బల్బులు మంచిగనే ఉన్నయి గదక్కా."

"ఆముదం దీపాలు మంచిగనే ఉంటయి, దేవుని ముంగట. రోడ్డు మీద కాదు. హాలోజన్ వెయ్యి."

అది తొంభై ఏడు ఫిబ్రవరి, రెండో శనివారం. కాలేజీకి సెలవు. ఎండ హాయిగా ఉంది. హోటల్లో ఉల్లిగడ్డ పకోడీలు వేగుతున్నాయి. భయపడాల్సినదేదీ ఆ చుట్టుపక్కల లేదు. అయినా దేవిదాస్‌కు స్క్రూడ్రైవర్ వెతకడానికి చాలాసేపు పట్టింది. అది అతని జేబులోనే ఉంది.

ఆ కారు నా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలి. సేటు అంటే మా ఆయనే, పేరు మార్కండేయ. గాంధీ చౌక్‌లో ఎరువులు, విత్తనాల దుకాణం. ఎనభై నాలుగులో పేరు రాయించుకొని, నెలల తరబడి ఎదురుచూసి, కొత్తగా తెచ్చుకున్న ఫియట్ అది. పదేళ్ళపాటు వర్ని, బోధన్, ధర్పల్లి ఊళ్ళన్నీ దాంట్లోనే తిరిగాడు. నన్ను స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. "గేర్లు ఖరాబైతయి" అనేవాడు. రోజుకు వెయ్యి బీడీలు చుట్టిన తల్లి కడుపున పుట్టినదాన్ని, నా చేతిలో గేర్లు ఖరాబైతయట! పదేళ్ళు పోట్లాడాను. తొంభై నాలుగు చలికాలంలో ఒకరోజు పొద్దున్నే తాళంచెవులు తెచ్చి నా పుస్తకాల మీద పెట్టాడు. "రాత్రిపూట కండ్లు ఆనుతలేవు. ఇగ నువ్వే నేర్చుకో" అన్నాడు. నేను గెలిచాననుకున్నాను. కాలేజీలో పేడాలు పంచాను.

బోధన్‌లో ఆడపిల్లల జూనియర్ కాలేజీ మాది. నేను ఎకనామిక్స్ చెప్తాను. పరీక్షల ముందు సాయంత్రం ఆరున్నర దాకా ప్రత్యేక తరగతులు ఉంటాయి. తిరిగి వచ్చేసరికి చీకటి. ఆ రోడ్డు మీద చెరుకు కాలంలో చీకట్లో కారు నడిపినవాళ్ళకే తెలుస్తుంది ఆ అవస్థ. ఫ్యాక్టరీకి పోయే ఎడ్లబండ్లు వరసగా వస్తుంటాయి. మొదటి బండివాడు మేలుకొని ఉంటాడు, మిగతావాళ్ళు నిద్రపోతుంటారు, ఎడ్లు తమంతట తామే నడుస్తుంటాయి. వెనక దీపం ఉండదు. మన లైటు పడితేనే బండి ఉన్నట్టు తెలుస్తుంది. మా ఫియట్ లైటు పడేది పది అడుగులే.

నవంబరులో, తులసి పెండ్లి రోజున, ఎడపల్లి దాటాక ఒక లారీ ఎదురొచ్చింది. వాడి వెలుతురుకు నా కళ్ళు బైర్లుకమ్మాయి. అంతలోనే ఎడమవైపు మెత్తగా ఏదో తగిలింది. అద్దం నిండా ఆకులు. కొంచెం ముందుకు పోయి ఆపాను. వెనక అద్దంలో చూశాను. మా కారు వెనక ఎర్రదీపం వెలుతురులో, రోడ్డు మీద చెరుకాకు మోపు ఒకటి చెదిరిపడి ఉంది. చెరుకు కొట్టాక మిగిలే పచ్చి కొసలు అవి. పశువుల మేత. బండ్ల మీదనుంచి అట్లాంటి మోపులు జారిపడుతూనే ఉంటాయి. ఇంజను ఆపలేదు. తలుపు తీయలేదు. ఒంటరి ఆడది చీకట్లో బండి దిగొద్దని మా అమ్మ చెప్పేది. ఆ మాటకు వ్యతిరేకంగా నేను సభల్లో మాట్లాడిన దాన్ని. ఆ రోజు మాత్రం మా అమ్మ మాటే విన్నాను.

ఇంటికి వచ్చేసరికి వాడకట్టంతా దీపాలు, పటాకులు. పగిలిన ఎడమ లైటు చూపించి నవ్వుతూ చెప్పాను, "ఇయ్యాల ఒక జత ఎడ్ల రాత్రిబువ్వ తొక్కి వచ్చిన."

మార్కండేయ నవ్వలేదు. టార్చిలైటు తెచ్చుకొని కారు ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. తెల్లవారి నేను లేచేసరికే కారు దేవిదాస్ దగ్గరికి పోయి, కొత్త గ్లాసుతో తిరిగొచ్చింది.

అప్పటినుంచి మొదలైంది. హాలోజన్ అంటే చాలు, డైనమో పోతది అనేవాడు, వైరింగు కాలుతది అనేవాడు. "బస్సుల పో, మంచిగ నిద్రపోవచ్చు" అనేవాడు. నేను దుకాణానికి పోతే ఆయనా దేవిదాసూ మాట్లాడుతున్నది మధ్యలో ఆపేసేవాళ్ళు. సంక్రాంతి తర్వాత అల్మారా సర్దుతుంటే ఆయన పాత లెక్కల పుస్తకాల వెనక ఒక పౌడర్ డబ్బా దొరికింది. మూత తీస్తే పచ్చ గాజుల ముక్కలు. నేను గాజులు వేసుకోవడం ఎమ్మేలోనే మానేశాను. ఎరువుల వ్యాపారి అల్మారాలో ఆడదాని గాజులెందుకు ఉంటాయి? డబ్బాను ఉన్నచోటే పెట్టాను. అడిగితే అబద్ధం చెప్తాడు, కనిపెడితే దొరుకుతాడు అనుకున్నాను. మోర్తాడ్ పోతున్నానని ఆయన అనగానే, కారు తీసుకొని దేవిదాస్ దగ్గరికి వచ్చాను.

"బల్బు ఒక్కటే కాదక్కా," అన్నాడు దేవిదాస్ లైట్లు విప్పుతూ. "దీని మూతి వేరే. లోపలి తళుకు గిన్నె సహా మార్చాలె. రిలే వెయ్యాలె, లేకుంటే స్విచ్చు కరుగుతది."

రిలే అంటే అగ్గిపెట్టె అంత నల్ల డబ్బీ. స్విచ్చు వేస్తే అది లోపల 'టక్' అంటుంది, అప్పుడు బ్యాటరీ నుంచి కరెంటు నేరుగా బల్బుకు పోతుంది. ఆ వివరం నాకు నచ్చింది.

కుడి లైటు గబగబా విప్పాడు. ఎడమదాని దగ్గర ఆగి, "ఎండల ఎందుకక్కా, లోపల కూసోని చాయ్ తాగు" అన్నాడు. నేను స్టూలు తెచ్చుకొని అతని పక్కనే కూర్చున్నాను. ఎడమ లైటు వెనక గుంటలో ఎండిన చెరుకాకు పీలిక ఒకటి ఇరుక్కొని ఉంది. "ఎడ్ల బువ్వ" అన్నాను నవ్వుతూ. దేవిదాస్ దాన్ని కింద పారేయలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రెండు గ్లాసులూ కంపెనీవి కావక్కా," అన్నాడు మాట మారుస్తున్నట్టు. "ఎడమది నేనే మార్చిన. కుడిది నాకంటే ముంగట ఎవరో మార్చిండ్రు."

ఎడమ లైటు మీదే ఉన్న నా ధ్యాస కుడిదాని మీదికి పోలేదు.

చివర్లో నల్లరంగు డబ్బా తీశాడు. గ్లాసు పైభాగంలో నల్లటి మచ్చ పెట్టడం పోలీసుల రూలు.

"రంగు వద్దు," అన్నాను.

"ఎక్కువ కనబడుతది అక్కా."

"కనబడడానికే గద వేయించుకునేది!"

నా ముఖంలోకి ఒకసారి చూసి డబ్బా మూత పెట్టేశాడు.

సోమవారం సాయంత్రం మొదటిసారి ఆ లైట్లతో తిరుగు ప్రయాణం. బోధన్ దాటి స్విచ్చు వేశాను. టక్. రోడ్డు పాలుపోసినట్టు తెల్లగా పరుచుకుంది. ఇన్నేళ్ళూ నేను నడిపిన రోడ్డు ఇదేనా అనిపించింది. చెరుకు తోటలు రెండువైపులా గోడల్లా నిలబడ్డాయి. ఆకుల అంచుల మీది నూగు కూడా కనిపిస్తోంది. ఎవరో తోటలో చెత్త కాలుస్తున్నారు. ఆ పొగ, దాని కింద పులిసిన బెల్లం లాంటి ఫ్యాక్టరీ వాసన. ఎడ్ల కళ్ళు దూరంనుంచే మెరిసి నాకు దారిచ్చాయి.

ఎడపల్లి దాటాక, ఎడమ అంచున ఒక మోపు నడుస్తోంది.

మోపే కనిపిస్తుంది ముందు. చెరుకాకు నడుము దాకా వేలాడుతుంటే, కింద ఒక ఆడమనిషి కాళ్ళు. గోచి పెట్టి కట్టిన చీర, దాని మీద మగవాళ్ళ చొక్కా. మరాఠీ వైపునుంచి చెరుకు కొట్టడానికి వచ్చే ఆడవాళ్ళు అట్లాగే వేసుకుంటారు, ఆకు కోసుకోకుండా. మా లైటు పడగానే ఎవరైనా పక్కకు జరుగుతారు. ఈమె జరగలేదు. కారు దగ్గరవుతుంటే ఎవరి నీడైనా రోడ్డు మీద కదులుతుంది. ఈమె ముందు నీడ లేదు. కొత్త లైటు మాయ అనుకున్నాను. దాటేశాను. వెనక అద్దంలో చూశాను.

రోడ్డు ఖాళీగా ఉంది.

తోటలోకి దిగిందనుకున్నాను. మంగళవారం అదే మోపు జానకంపేట రైలు గేటు దగ్గర. బుధవారం సారంగపూర్‌లో. ప్రతిసారీ ఎడమవైపే. ప్రతిసారీ నాకు వీపు పెట్టే. ప్రతిరోజూ మా ఊరికి ఇంకొంచెం దగ్గరగా.

నాకు భయంకన్నా ముందు అనుమానం వస్తుంది. బుధవారం రాత్రి అన్నం తింటుంటే మార్కండేయ తల ఎత్తకుండా అడిగాడు, "తొవ్వల ఏమన్న కనబడ్డదా?"

"ఏం కనబడాలె?"

"ఏం లేదు. లైట్లు మంచిగున్నయా అని."

"మంచిగున్నయి. నువ్వు దాచినవి గూడ కనబడుతున్నయి."

ఆయన చేతిలోని ముద్ద ఆగింది. నాకు అంతా అర్థమైనట్టే అనిపించింది. ఎవరినో పెట్టి మోపు మోయిస్తున్నాడు. నేను జడుసుకొని తాళంచెవులు తిరిగిచ్చేయాలి. ఆడదాన్ని ఇంట్లో కూర్చోబెట్టడానికి దెయ్యాన్ని కూడా కూలికి మాట్లాడుకుంటారు ఈ మగవాళ్ళు. బహుశా ఆ పచ్చగాజుల మనిషే ఆ మోపు మోస్తోందేమో.

గురువారం సాయంత్రం క్లాసులు వేరేవాళ్ళకు అప్పగించి, పొద్దుండగానే బయల్దేరి, ఎడపల్లి దాటాక చెరుకు కూలీల గుడిసెల దగ్గర కారు ఆపాను. చెరుకాకుతోనే కట్టుకున్న గుడిసెలు. అందరూ తోటలో ఉన్నారు. ఒక ముసలామె మాత్రం రాయి మీద కత్తి నూరుతోంది. పేరు గంగుబాయి అని చెప్పింది. దేగ్లూరు అవతలి ఊరట. ఏటా వచ్చి వచ్చి తెలుగు బాగానే పట్టుబడింది.

"సాయంత్రం పూట ఆకుమోపు ఎత్తుకొని రోడ్డెంట నడిచేది ఎవరవ్వా?" అని అడిగాను.

"ఎవరూ పోతలేరు బాయీ. ముకద్దం బంద్ చేసిండు." ముకద్దం అంటే ఆ కూలీల పెద్ద. "మా కోడలు శేవంత పోయినప్పటిసంది బంద్."

"యాడికి పోయింది?"

గంగుబాయి కత్తి నూరడం ఆపింది.

"లేసిపోయిందంటరు. లారోనితోని. నా కొడుకు గూడ గదే అంటడు. మోపు అమ్ముకొస్తనని పోయింది, మోపు రోడ్డు మీద దొరికింది, మనిషి దొరకలే. లేసిపోయేది మోపు ఎత్తుకొని ఎందుకు పోతది బాయీ? గదెవడు చెప్పడు."

"వెతకలేదా?"

"ఎవలు వెతుకుతరు? ఆలుమొగలు కలిస్తె ఒక కొయిత." చేతిలోని కత్తి ఎత్తి చూపించింది. "ముకద్దం చిట్టీల మా కొడుకు పేరే ఉంటది. కోడలంటె సగం కొయిత. సగం పోతె ఇంకో సగం తెచ్చుకుంటరు. తెచ్చుకున్నడు గూడ."

దంపతుల శ్రమలో భార్య పేరు ఉండదని నేను ఏటా పాఠం చెప్తాను. ఆ పాఠం కత్తి నూరుతూ నా ఎదురుగా కూర్చొని ఉంది.

"ఎప్పుడు పోయింది అవ్వా?"

"తులసి పెండ్లి నాడు."

చుట్టూ చెరుకు గలగలమంటోంది. నాకు ఆ చప్పుడు ఒక్కటే వినిపించింది చాలాసేపు.

"గా రోజే ఇద్దరం ఒక్క గాజులామె దగ్గర ఏసుకున్నం," అంటూ ఆమె చెయ్యి చాచింది. పచ్చ గాజులు. ఒక్కోదాని మీద చిన్న చిన్న పసుపు చుక్కలు. "నీ బండికి పెద్ద లైటున్నదంటరు పోరగాండ్లు. రోజు గీ తొవ్వనే పోతవు. జర సూడు బాయీ. కనబడితె చెప్పు, అత్త తిట్టదని చెప్పు."

సరే అన్నట్టు తల ఊపి వచ్చేశాను.

ఇంటికి వచ్చి నేరుగా అల్మారా తెరిచాను. డబ్బా మూత తీశాను. పచ్చ ముక్కలు. పసుపు చుక్కలు. వెనక మార్కండేయ వచ్చి నిలబడ్డాడు.

"యాడ దొరికినయి ఇవి?"

"పగిలిన లైటు లోపల."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు దిగి చూసినవా?"

నేను డబ్బా మూత బిగించాను.

"గందుకే చెప్పలే," అన్నాడు నెమ్మదిగా. "తెల్లారి పోయి చూసిన వసంతా. నేను, దేవిదాసు. ఎవరూ లేరు. పక్కన కాలువ ఉన్నది, నీళ్ళు జోరుగ పోతున్నయి. బతికి ఉన్నదో, లేదో... ముత్తైదువ గాజులు, చెత్తల వెయ్యొద్దు గద. శివరాత్రికి కందకుర్తి పోయి గోదారిల కలుపుదమనుకున్న."

"ఉన్న లైటు చాలని గందుకేనా?"

"ఎక్కువ కనబడితె నువ్వు తట్టుకోవని."

"అంటే నేనేం చూడాల్నో గూడ నువ్వే చెప్పాలె. నా కండ్లు గూడ నీ అల్మారాలనే ఉన్నయన్నట్టు."

ఆ మాటతో నేను పెద్దదాన్నైపోలేదు. మోపు కింద మనిషి ఉంటుందని తెలియనిదెవరికి? కారు ఆపిందీ నేనే, దిగనిదీ నేనే. మూడు నెలలు ఆయన్ను అనుమానిస్తూ గడిపాను. ఒక్కసారైనా నన్ను నేను అనుమానించుకోలేదు.

డబ్బా తీసుకొని బయటికి నడిచాను. ఏడు కావస్తోంది. ఆయన పరుగున వచ్చి కారు ముందు నిలబడ్డాడు.

"పోకు. నౌకరి పోతది. జైలైతది. చచ్చినామె తిరిగొస్తదా?"

స్విచ్చు వేశాను. టక్. తెల్లటి వెలుతురులో ఆయన రెప్పలు కొట్టుకున్నాడు. పన్నెండేళ్ళు కాపురం చేసిన మనిషి ముఖం నాకు కొత్తగా కనిపించింది. ఆయన చూపు నా మీద లేదు. ఎడమ లైటు మీద కూడా లేదు. కుడి లైటు వైపు చూస్తున్నాడు. తర్వాత పక్కకు తప్పుకున్నాడు.

ఇక్కడినుంచి జరిగింది నేను పోలీస్ స్టేషన్లో సంతకం పెట్టిన కాగితంలో లేదు. కారు గుద్దిందని రాసుకున్నారు. మిగతాది రాయడానికి ఎస్సై ఒప్పుకోలేదు.

ఊరి చివర అర్సపల్లి దగ్గరే మోపు కనిపించింది. ఎడమ అంచున, నాకు వీపు పెట్టి. ఈసారి దాటలేదు. వెనకే నడిపాను. మోపు వేగం పెంచలేదు, తగ్గించలేదు. నేను ఇరవైలో పోయినా, నలభైలో పోయినా మా మధ్య దూరం అంతే. ఎదురొచ్చిన లారీలు నా లైట్లు తగ్గించమని డిప్పర్ కొట్టాయి. మోపుకు మాత్రం ఎవరూ దారివ్వలేదు. ఒక లారీ దాని అంచు మీదుగానే పోయింది. ఆకు కదల్లేదు.

సారంగపూర్. జానకంపేట గేటు. ఎడపల్లికి ఇవతల చెరుకు మొదలైంది. అద్దాలు మూసే ఉన్నాయి. అయినా పచ్చి చెరుకాకు వాసన కారు నిండా వచ్చింది. దాంతో పాటు తడి బట్టల వాసన... కాలువ నీళ్ళ వాసన.

మోపు ఆగింది.

నేనూ ఆగాను. ఆ చోటు నాకు తెలుసు.

మోపు తిరగడం మొదలుపెట్టింది. నెమ్మదిగా. ఆకులు ఒక్కొక్కటే పక్కకు జరుగుతున్నాయి. ఇంకొంచెం తిరిగితే ముఖం కనిపిస్తుంది... ఎంత వెలుతురైనా సరిపోదని పోట్లాడిన దాన్ని. నా చెయ్యి నాకు తెలియకుండానే స్విచ్చు ఆపేసింది.

టక్.

చీకటి. ఇంజను కూడా ఆగిపోయింది. నేను ఆపలేదు.

ఆకుల గలగల. దూరంగా... తర్వాత దగ్గరగా. బానెట్ ముందు ఆగింది. ఎడమ లైటు మీద... టిక్. మళ్ళీ టిక్. టిక్. గాజుకు గాజు తగులుతున్న చప్పుడు. తొందర లేదు దానికి. తలుపు తట్టి, ఎవరైనా తీస్తారేమోనని చూస్తున్నట్టు.

ఆ రోజు కూడా తట్టిందేమో. ఇంజను చప్పుడులో నాకు వినపడలేదేమో.

తలుపు తీశాను. దిగాను.

"శేవంతా..." అన్నాను.

చప్పుడు ఆగింది.

చెయ్యి లోపల పెట్టి స్విచ్చు వేశాను. రోడ్డు తెల్లబడింది. ఎవరూ లేరు. కారు ముందు ఒక చెరుకాకు మోపు పడి ఉంది. అప్పుడే కోసినట్టు పచ్చగా, నీళ్ళు కారుతూ.

రోడ్డు పక్కనుంచి ఒక లాంతరు ఊగుతూ వచ్చింది. గంగుబాయి.

"లైటు చూసి వచ్చిన బాయీ," అంది రొప్పుతూ. "కనబడ్డదా?"

"నేనే," అన్నాను. "గుద్దింది నేనే అవ్వా. ఆగిన. దిగలే."

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. లాంతరు కింద పెట్టి, ఆ మోపును చూసింది. నన్ను చూసింది. నేను చాచిన డబ్బాను చూసింది.

"లేసిపోలే," అంది చివరికి. అదే మాట మళ్ళీ అంది, ఈసారి గుడిసెల వైపు తిరిగి, గట్టిగా. "నా కోడలు లేసిపోలే!"

తర్వాత రోడ్డు మీదే కూలబడి డబ్బాను ఒళ్ళో కుమ్మరించుకుంది. హాలోజన్ వెలుతురులో పచ్చ ముక్కలు మెరిశాయి. ఒక్కొక్కటే తీసి, తన గాజుల పక్కన పెట్టి చూసుకొని, కొంగులో వేసుకుంటోంది. ఏడుస్తూనే ఏరుతోంది.

అడుగునుంచి మడత పెట్టిన కాగితం ఒకటి రాలింది. పాత వార్తాపత్రిక ముక్క, పసుపుబారిపోయింది. ఆమె వేళ్ళు దాన్ని విప్పాయి.

అందులో ఎరుపు ముక్కలు.

లావు గాజులు. మన్ను పట్టి, వన్నె తగ్గి ఉన్నాయి. గంగుబాయి ఒకదాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇవి మా శేవంతవి కావు బాయీ."

ఆ ముక్కను నా వైపు చాచింది.

"ఎవరివి ఇవి?"

తాళంచెవులు నా పుస్తకాల మీద పెట్టిన ఆ పొద్దుటి మార్కండేయ ముఖం గుర్తొచ్చింది. కండ్లు ఆనుతలేవు అన్నాడు. పేడాలు పంచాను. పగిలిన లైటు ముందు టార్చితో కూర్చొని ఎక్కడ వెతకాలో, ఏది తీయాలో, తెల్లవారకముందే ఎక్కడికి తీసుకుపోవాలో... ఆ పని ఆయనకు కొత్త కాదు.

తల ఎత్తాను. రోడ్డు ఎడమ అంచు ఖాళీగా ఉంది. ఎడమన నడిచేవాళ్ళు మనకు వీపు పెట్టి పోతారు. కుడిన నడిచేవాళ్ళు ఎదురొస్తారు.

కుడి అంచున, లైటు అందీ అందని చోట, ఒక మోపు మావైపు నడిచి వస్తోంది. ఆకులు ఎండి గోధుమరంగుకు తిరిగాయి.

"అవ్వా, లే," అన్నాను గుసగుసగా. "లే..."

ఆమె వినలేదు. ఎరుపు ముక్కలను మోకాలి మీద పేరుస్తోంది.

స్విచ్చు వేసే ఉంది. నా చెయ్యి దాని దగ్గర లేదు.

టక్.

లైట్లు ఆరిపోయాయి. లాంతరు కూడా ఆరిపోయింది. చీకట్లో ఎండాకుల గలగల దగ్గరికి వచ్చింది... బానెట్ ముందు ఆగింది.

తర్వాత, కుడి లైటు మీద... టిక్.